రాళ్ళ మధ్య పలుచటి నీళ్ళలో ఒంటరి ప్రయాణానికి ఎలాంటి కయాక్ కొనాలి?

ప్రశ్న: మేము టెక్సస్‌లో, ఆస్టిన్‌కు ఉత్తరాన ఉన్న రౌండ్‌రాక్‌లో ఉంటాము. నా బరువు 185 పౌండ్లు, ఎత్తు అయిదడుగుల తొమ్మిదంగుళాలు. మొన్న వసంతంలో పన్నెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న కయాక్ ఒకటి అద్దెకు తీసుకొని లానో నదిలో క్యాస్టెల్ దగ్గర దిగాను. సగం దూరం పడవను లాక్కుంటూ నడవాల్సి వచ్చింది. ఒకచోట పడవ రాతికి అడ్డం తిరిగి నీళ్ళతో నిండిపోయింది. అయినా ఆ నది మీది నుంచి మనసు మళ్ళడం లేదు. రాళ్ళను, పడిపోయిన చెట్లను, చీలమండ లోతు నీళ్ళను తట్టుకునే గట్టి కయాక్, నేనొక్కడినే వెళ్ళడానికి వీలైనది, వెయ్యి డాలర్లలోపు కొనాలనుకుంటున్నాను. పొడవెంత ఉండాలి? లోపల కూర్చునేది మంచిదా, పైన కూర్చునేది మంచిదా? గాలి నింపే రకాలు పనికొస్తాయా? ఒంటరిగా వెళ్ళవద్దని నా భార్య అంటోంది. తొమ్మిదేళ్ళ మా అబ్బాయేమో ముందు కూర్చుని తానూ వస్తానంటున్నాడు. మీ సలహా కోరుతున్నాను.

జవాబు: మీరు అద్దెకు తీసుకున్న పడవలో లోపమేమీ లేదు. లోతైన నిలవనీటి మీద, లేక్ ట్రావిస్ వంటి చోట, అది చక్కగా నడుస్తుంది. లానో తీరు వేరు. జంక్షన్ ఊరి దగ్గర ఉత్తర, దక్షిణ లానోలు కలిసి మొదలయ్యే ఈ నది ఎగువన సున్నపురాతి నేలల మీద పారి, క్యాస్టెల్ ప్రాంతానికి వచ్చేసరికి గులాబీరంగు గ్రానైట్ బండల మీదికి చేరుతుంది. అక్కడినుంచి అది ఒక్క ధారగా ఉండక, ఇసుకతిన్నెల చుట్టూ, గుండ్ల మధ్యా పాయలు పాయలుగా విడిపోతుంది. ఒక మడుగులో నడుములోతు నీళ్ళుంటే, దాని కిందనే రాతి పరుపు మీద నీరు నాలుగంగుళాల మందాన పరుచుకొని జారుతుంది. ఏ పాయలో ఎక్కువ నీరుందో దగ్గరికి వెళ్ళేవరకు తెలియదు. కాబట్టి ఇక్కడ పడవ నేలకు తగలకుండా ఎలా వెళ్ళాలన్న ప్రశ్న కన్నా, తగిలాక ఏమవుతుందన్న ప్రశ్న ముఖ్యమైనది.

ఈ మాట ఎందుకంటున్నానో ఒక చిన్న లెక్కతో చెబుతాను. పడవ ఎంత లోతు మునుగుతుందన్నది మొత్తం బరువు మీద, ఆ బరువును నీటి మీద ఎంత మేర పరుస్తుందన్నదాని మీద ఆధారపడుతుంది. ఘనపుటడుగు నీటి బరువు సుమారు 62 పౌండ్లు. మీ బరువు 185, పడవ బరువు 55, తాగునీరు, తిండి, సామాను మరో 20 అనుకుంటే మొత్తం 260 పౌండ్లు. అంటే పడవ నాలుగు ఘనపుటడుగులకు కొంచెం పైగా నీటిని పక్కకు తొయ్యాలి. పదడుగుల పొడవు, 31 అంగుళాల వెడల్పు ఉన్న పడవ, రెండు కొనలూ సన్నబడతాయి కనుక, నీటి మీద పదిహేడు పదిహేడున్నర చదరపుటడుగులు ఆక్రమిస్తుంది. భాగిస్తే సగటు మునక మూడంగుళాలకు కాస్త తక్కువ వస్తుంది. మీరు అద్దెకు తీసుకున్న సన్నని పన్నెండడుగుల పడవకు ఇదే లెక్క వేస్తే మూడంగుళాలకు కాస్త ఎక్కువ వస్తుంది. చేపలు పట్టేవాళ్ళు వాడే తొంభై పౌండ్ల వెడల్పాటి పడవకు, అందులో సామాను ఇంకా ఎక్కువేసినా, రెండున్నర అంగుళాలకు కొంచెం పైగా వస్తుంది. అన్నిటికన్నా తక్కువ మునిగే పడవకూ, ఎక్కువ మునిగే పడవకూ మధ్య తేడా మొత్తం కలిపి అర అంగుళం. దుకాణంలో ఎవరైనా ఫలానా పడవ పలుచటి నీళ్ళలో అద్భుతంగా తేలుతుందని చెబితే ఆ అర అంగుళాన్ని గుర్తుచేసుకోండి.

సగటు వేరు, అన్నిటికన్నా కిందికి దిగే భాగం వేరు. ఇక్కడ అడుగు ఆకారం పట్టింపుకు వస్తుంది. నిలవనీటిలో సూటిగా సాగడానికి చేసిన పడవలకు అడుగున మధ్యగీత కోసుగా దిగి ఉంటుంది. సగటు మూడంగుళాలైనా ఆ గీత దగ్గర అయిదంగుళాల నీళ్ళు కావాలి, రాతికి మొదట తగిలేదీ అదే. అడుగు బల్లపరుపుగా ఉండి, పక్కలు గుండ్రంగా పైకి లేచే పడవకు సగటుకూ గరిష్ఠానికీ పెద్ద తేడా ఉండదు. మన కృష్ణాలోనూ తుంగభద్రలోనూ బండల మధ్య పుట్టి తిరగగలగడానికి కారణం ఇదే: కింద ఏదీ పొడుచుకు రాకుండా ఉన్న బరువంతా వెడల్పుగా పరుచుకుంటుంది, రాతికి తగిలితే పక్కకు జారిపోతుంది. పుట్టి సూటిగా పోదన్నది దాని ఇబ్బంది. మీకు కావలసింది ఆ అడుగు లక్షణమే, కాస్త కోలగా. దానితోపాటు ముందు, వెనుక కొనలు నీటి మీదికి కొద్దిగా ఒంపు తిరిగి ఉంటే పడవ ఒక్క తెడ్డువేటుకు చప్పున తిరుగుతుంది. గుండు కనిపించిన తరువాత మీకు దొరికే వ్యవధి రెండు మూడు తెడ్డువేట్లే కనుక ఈ తిరగడం లగ్జరీ కాదు. అడుగున బిగించిన చుక్కాని, వేలాడే రెక్క, కాళ్ళతో తొక్కే పెడల్ యంత్రం వంటివి ఉన్న పడవలను చూడనే చూడవద్దు. పెడల్ పడవల రెక్కలు నీళ్ళలోకి అడుగుకు పైగా దిగుతాయి. లానోలో అవి మొదటి పాయలోనే ఇరుక్కుంటాయి.

పొడవు విషయానికి వస్తే తొమ్మిదిన్నర నుంచి పదిన్నర అడుగుల మధ్య ఉండేలా చూసుకోండి. అంతకన్నా పొట్టిది మడుగుల్లో తెడ్డు వేసినప్పుడల్లా ముక్కు అటూ ఇటూ ఊపుతుంది, మీ బరువుకు మునక కూడా పెరుగుతుంది. పన్నెండడుగులది రెండు గుండ్ల మధ్య తిరగడానికి చోటు చాలక, ముందు కొన ఒక రాతికీ వెనుక కొన మరో రాతికీ ఆని అడ్డం పడుతుంది. మీకు జరిగింది బహుశా ఇదే. పొడవు వల్ల వచ్చే వేగం ఈ నదిలో ఎలాగూ అక్కరకు రాదు.

ఇక తగిలాక జరిగే సంగతి. పడవ ఆగుతుంది, మీరు దిగుతారు, పది గజాలు లాగుతారు, మళ్ళీ ఎక్కుతారు. నీళ్ళు తక్కువగా ఉన్న రోజున ఇది గంటకు ఎన్నిసార్లు జరుగుతుందో లెక్కపెట్టలేము. అందువల్ల పడవ బరువు, దిగి ఎక్కడంలోని సులువు, ఈ రెండూ పడవ నీటి మీద ఎలా నడుస్తుందన్న దానికి సమానమైన గుణాలు. చేపల పడవ అర అంగుళం తక్కువ మునుగుతుందన్న మాట నిజమే; కానీ ఆగిపోయాక తొంభై పౌండ్ల ప్లాస్టిక్కు, నలభై పౌండ్ల సామాను బండ మీద మీరొక్కరే ఈడ్వాలి. సాయంత్రం దాన్ని కారు పైకి ఎత్తాల్సింది కూడా మీరొక్కరే. అరవై పౌండ్లు దాటిన పడవ ఒంటరి మనిషికి భారమేనని నా అభిప్రాయం.

లోపల కూర్చునేదా, పైన కూర్చునేదా అన్న మీ ప్రశ్నకు జవాబు ఇక్కడినుంచే వస్తుంది. పైన కూర్చునేదే కొనండి. లోపల కూర్చునే మామూలు సరదా కయాక్‌లో నీళ్ళు నిండితే, నాలుగైదు ఘనపుటడుగులు చేరినా చాలు, దాని బరువు మూడువందల పౌండ్లకు దగ్గరవుతుంది. పారే నీటిలో, రాతికి ఆనుకొని ఉన్న ఆ బరువును ఒక్క మనిషి కదల్చలేడు. పైన కూర్చునే పడవ మూసిన డొల్ల. దాని మీద పడిన నీరు రంధ్రాల గుండా కిందికి పోతుంది, బోల్తాపడితే తిప్పి మళ్ళీ ఎక్కవచ్చు. అన్నిటికన్నా ముఖ్యంగా, కాళ్ళు దేనిలోపలా ఉండవు. తోడు లేని ప్రయాణంలో పడవ నుంచి ఒక్క క్షణంలో బయటపడగలగడం కన్నా విలువైన సౌకర్యం లేదు. నష్టాలూ ఉన్నాయి: కూర్చున్నచోట ఎప్పుడూ తడిగానే ఉంటుంది, డిసెంబరు, జనవరి నెలల్లో చలి వేస్తుంది, అదే పొడవున్న లోపలి రకం కన్నా బరువు కొంచెం ఎక్కువ. టెక్సస్ ఎండకు ఆ తడి వరమేనని చెప్పవచ్చు.

ఆ రంధ్రాల గురించి మరొక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ రకం పడవలు చెడిపోయేది ముఖ్యంగా అక్కడే. రంధ్రం అంటే పై పలకనూ అడుగు పలకనూ కలిపే గొట్టం. ఆ గొట్టం అడుగును కలిసే అంచు బండల మీద రాసుకొని పలుచబడుతుంది. పడవ కింద చక్రాల బండిని ఆ రంధ్రాల్లోకి ఊచలు దూర్చి నిలబెట్టే పద్ధతి ఒకటుంది. బరువంతా ఆ రెండు గొట్టాల మీదే పడి వాటి మొదట్లో సన్నని బీటలు వస్తాయి. చక్రాలు కావాలంటే పట్టీలతో పడవ పొట్ట కింద కట్టుకునే రకం తీసుకోండి.

ఏ పదార్థంతో చేసిందన్న విషయంలో నేను మీకు ఎంపిక ఇవ్వదలచుకోలేదు. పాలీఎథిలీన్ తప్ప మరేదీ వద్దు. ప్లాస్టిక్ పొడిని అచ్చులో పోసి వేడిలో తిప్పుతూ చేసే ఈ పడవలు రాతికి తగిలితే లొంగుతాయి, జారుతాయి, గీతలు పడతాయి, కానీ అంత సులువుగా పగలవు. ఫైబర్‌గ్లాస్, కెవ్లార్ పడవలు తేలిక, అందమైనవి, లానో గ్రానైట్‌కు తగవు. ఏబీఎస్ అనే మరో ప్లాస్టిక్ పలకలను వేడిచేసి ఒత్తిన మెరిసే పడవలు మధ్యరకం. చల్లని రోజున గట్టి దెబ్బ తగిలితే చిట్లవచ్చు. పాలీఎథిలీన్‌లో మళ్ళీ రెండు రకాలున్నాయి. అణువులు ఒకదానితో ఒకటి అడ్డంగా ముడిపడిన క్రాస్‌లింక్ రకం బిరుసుగా, గట్టిగా ఉంటుంది గానీ, బీట పడితే కరిగించి అతకడం కుదరదు. లీనియర్ రకం అంత బిరుసు కాకపోయినా అదే ప్లాస్టిక్ కడ్డీని కరిగించి అతుకు వేసుకోవచ్చు. ఇప్పుడు అమ్మే పడవల్లో ఎక్కువ భాగం లీనియర్ రకమే, మీకు సరిపోయేదీ అదే. బీటను మామూలు జిగురుతో అంటించే ప్రయత్నం చేయకండి. ఈ ప్లాస్టిక్‌కు జిగురు నిలవదు.

కొన్ని రోజులు వాడాక అడుగంతా గీతలు పడి, వాటి అంచుల్లో ప్లాస్టిక్ పోగులు వెంట్రుకల్లా లేస్తాయి. చూడడానికి బాధగా ఉన్నా అది చెడిపోవడం కాదు. పోగులను పదునైన బ్లేడుతో గీకేస్తే చాలు. కంగారు పడవలసిన చోటు ఒక్కటే, వెనుక కొన అడుగుభాగం. ముందు పిడి పట్టుకొని పడవను లాగుతున్నప్పుడల్లా నేలను రాసుకొనేది అదే. కూర్చునే చోటు నడిమి కన్నా కాస్త వెనక్కి ఉండడం వల్ల నీటిలో మొదట తగిలేదీ అదే. కొన్ని కంపెనీలు ఇది తెలిసే అక్కడ మార్చుకోదగిన అరుగుడు పలకను మరలతో బిగిస్తున్నాయి. అది ఉన్న పడవ దొరికితే ఇంకో యాభై డాలర్లు పెట్టినా నష్టం లేదు. లేకపోతే మంచినీళ్ళ సీసాలను, ఐస్ డబ్బాను వెనుక పెట్టుకొనే అలవాటు మానుకొని కాళ్ళ ముందు పెట్టండి. పడవ సమంగా కూర్చుంటుంది, వెనుక కొన అర అంగుళం లేస్తుంది. బరువు సర్దుకోవడం వల్ల వచ్చే ఈ అర అంగుళం, మొదట చెప్పిన లెక్క ప్రకారం, రెండు వేర్వేరు పడవల మధ్య ఉన్న తేడాతో సమానమన్నది గమనించండి. డబ్బు ఖర్చు లేకుండా వచ్చేది.

గాలి నింపే రకాల్లో అంగడిలో నూరు, నూటయాభై డాలర్లకు దొరికే పలుచని వినైల్‌వి ఈ నదికి పనికిరావు. మంచి రకాలు వేరే ఉన్నాయి. నైలాన్ గుడ్డకు పూత వేసి చేసే ప్యాక్‌రాఫ్ట్‌లు ఏడెనిమిది పౌండ్లే ఉండి, మడిచి వీపున మోసుకుపోవడానికి వీలవుతాయి, రాళ్ళ మీద బంతిలా ఎగిరి జారతాయి, మునకా తక్కువే. అపార్ట్‌మెంట్లో ఉండేవారికి, కారు పైన కడ్డీలు లేనివారికి నేను మొదట సూచించేది అవే. అయితే మంచివి వెయ్యి డాలర్లు దాటుతాయి, మడుగుల మీద ఎదురుగాలి వస్తే ముందుకు సాగవు. ఇంకో చిక్కు టెక్సస్‌కే ప్రత్యేకమైనది. పశువులు దాటిపోకుండా రైతులు నదికి అడ్డంగా కట్టిన ముళ్ళతీగల కంచెలు వరదల్లో కొట్టుకుపోయి, తుప్పుపట్టిన ముక్కలుగా ఇసుకలోనూ చెట్లవేళ్ళలోనూ చుట్టుకొని ఉంటాయి. ప్లాస్టిక్ పడవ మీద అది ఇంకో గీత. గాలి పడవకు అదే ప్రయాణం ముగింపు.

ఇన్ని మాటల తరువాత పేర్లు అడుగుతారు కనుక చెబుతాను. పర్సెప్షన్ పెస్కడోర్ ప్రో 10 వంటి, పదీ పదిన్నర అడుగుల పొడవు, అరవై పౌండ్లలోపు బరువు ఉన్న పైన కూర్చునే పడవ మీ అవసరానికీ మీ బడ్జెట్‌కూ సరిపోతుంది. తెడ్డు, లైఫ్ జాకెట్ కూడా ఆ వెయ్యిలోనే సర్దుకోవచ్చు. జాక్సన్ కూసా నదుల కోసమే రూపొందించిన పడవ, కొనల ఒంపు చక్కగా ఉంటుంది, గుండ్ల మధ్య మరింత బాగా తిరుగుతుంది, దానితో పేచీ బరువే. ఎత్తగలననుకుంటే, పాతది దొరికితే, దాన్ని వదలవద్దు. క్రాసోవర్ అని పిలిచే మరో జాతి ఉంది. డాగర్ కటానా, లిక్విడ్‌లాజిక్ రీమిక్స్ ఎక్స్‌పీ ఆ కోవలోవి. ఇవి ఉరవడి నీళ్ళ కోసం చేసిన మందపాటి పడవలు, అవసరమైనప్పుడు కిందికి దించుకునే చిన్న రెక్క వీటికి ఉంటుంది. దెబ్బలకు ఓర్చుకోవడంలో వీటికి సాటి లేదు. కానీ ఇవి లోపల కూర్చునే రకాలు, వాటినుంచి నీళ్ళలో బయటపడడం ఎవరైనా పక్కన ఉండగా నేర్చుకోవాలి. పైగా గంటకు ఇరవైసార్లు దిగి ఎక్కవలసిన చోట వాటిలో మోకాళ్ళు దూర్చి కూర్చోవడం విసుగు. ఇప్పటికి మీకు అవి వద్దు.

తెడ్డు దగ్గర మాత్రం ఖరీదైనదే మంచిదనుకోకండి. కార్బన్ తెడ్డు రాతికి కొట్టుకొని అంచులు చిట్లుతుంది, మీ తెడ్డేమో సగం సేపు ఊతకర్రలా పనిచేయాలి. గాజునార కలిపిన నైలాన్ రెక్కలున్నది, 31 అంగుళాల వెడల్పున్న పడవకు మీ ఎత్తుతో 230 నుంచి 240 సెంటీమీటర్ల పొడవున్నది తీసుకోండి. రాళ్ళ సందులో తెడ్డు ఇరుక్కుంటే వదిలెయ్యండి. గట్టిగా పట్టుకుంటే పడవ ముందుకు పోతుంది, మీరు తెడ్డుతోపాటు వెనుక ఉండిపోతారు. అందుకే రెండు ముక్కలుగా విడదీసే చవక తెడ్డు ఇంకొకటి పడవ మీద కట్టి ఉంచడం అవసరం.

ఎంత గట్టి పడవ కొన్నా అది తట్టుకోలేనివి కొన్ని ఉన్నాయి, మీ శ్రీమతి భయానికి ఆధారం కూడా అక్కడే ఉంది. పడిపోయిన చెట్టు కొమ్మల మధ్య నుంచి నీళ్ళు పోతాయి, మనిషి పోడు. ప్రవాహం మనిషిని కొమ్మలకేసి అదిమి పట్టేస్తుంది. జల్లెడలాంటి అటువంటి చెట్టు కనిపిస్తే దాని పక్క నుంచి దూరిపోదామన్న ఆలోచన మానుకొని, చాలా ముందే ఒడ్డుకు చేరి పడవను మోసుకుపోవాలి. ఒకవేళ తప్పించుకోలేక దానిమీదికి కొట్టుకుపోతుంటే, కాళ్ళు ముందుకు పెట్టి తేలకుండా, తల ముందుకు తిప్పి ఈది, రెండు చేతులతో దాని మీదికి ఎక్కే ప్రయత్నం చేయాలి. ముళ్ళతీగ కంచెలదీ అదే దారి. నీళ్ళు తక్కువగా ఉన్నప్పుడు కార్లు దాటడానికి నదికి అడ్డంగా వేసిన కాంక్రీటు దారుల కింద తూములుంటాయి. నీటితోపాటు పడవనూ మనిషినీ అవి లోపలికి లాగుతాయి. అడుగో రెండడుగులో ఎత్తున్న చిన్న ఆనకట్టల కింద నీరు వెనక్కి తిరిగి సుడి వేస్తూ, పడినవాణ్ణి బయటకు రానివ్వదు. శాన్ మార్కోస్ నదికి వెళితే ఇటువంటి ఆనకట్టలు దారిలో వస్తాయి, బ్లాంకో నది కలిసే చోటు దిగువన ఉన్న కమింగ్స్ డ్యామ్ వాటిలో పెద్దది. అక్కడ దిగి మోసుకుపోవలసిందే.

మీ పడవ రాతికి అడ్డం తిరిగినప్పుడు మీరు ఎటు వాలారో ఉత్తరంలో రాయలేదు, కానీ నీళ్ళు నిండాయన్నారు కనుక ఊహించగలను. ఎదురుగా రాయి వస్తుంటే దానికి దూరంగా, అంటే నీళ్ళు వచ్చే వైపుకు, ఒరగడం మనిషి సహజం. అలా ఒరిగితే పడవ ఎగువ అంచు కిందికి దిగి, ప్రవాహం దానిమీదికి ఎక్కి, పడవను రాతికి బిగించేస్తుంది. చేయవలసింది దీనికి తలకిందులు. రాతివైపుకే ఒరిగి, రెండు చేతులతో దాన్ని కౌగిలించుకున్నట్టు పట్టుకోవాలి. అప్పుడు ఎగువ అంచు పైకి లేస్తుంది, నీళ్ళు పడవ కిందినుంచి పోతాయి, మెల్లగా ముందుకో వెనక్కో జరుపుకొని బయటపడవచ్చు. లోతు తక్కువగా, ప్రవాహం నెమ్మదిగా ఉన్న చోట దీన్ని కావాలని సాధన చేయండి. పారే నీటిలో పడిపోతే మోకాలి లోతు దాటినచోట లేచి నిలబడకూడదు. కాలు రాళ్ళ సందులో ఇరుక్కుంటే నీటి తోపుడు మనిషిని ముందుకు పడేసి మునిగేలా చేస్తుంది. వెల్లకిలా పడుకొని, కాళ్ళు ముందుకు చాచి, నెమ్మది నీళ్ళు వచ్చేవరకు తేలుతూ పోవాలి. ముందు మూసి ఉండి, అడుగు గట్టిగా ఉన్న బూట్లు, ఒంటికి బిగించిన లైఫ్ జాకెట్, దానికి కట్టిన ఈల, హెల్మెట్ లేకుండా లానోలో దిగవద్దు. పడవకు గానీ మీ నడుముకు గానీ వదులుగా వేలాడే తాడు ఉండరాదు. లాగడానికి వాడే తాడును సంచిలో మడిచి పెట్టుకోండి, లాగేటప్పుడు చేత్తో పట్టుకోండి గానీ ఒంటికి చుట్టుకోకండి.

వెళ్ళే రోజు ఉదయం యూఎస్ జియలాజికల్ సర్వే వారి నీటి కొలత చూసుకోవడం తప్పనిసరి. లానో మీద జంక్షన్, మేసన్, లానో ఊళ్ళ దగ్గర కొలత కేంద్రాలున్నాయి. శ్రీశైలం గేట్లెత్తినప్పుడు లక్షల్లో వినే క్యూసెక్కులే ఇక్కడ వందల్లో కనిపిస్తాయి. వందలోపు ఉంటే ఎంత మంచి పడవైనా మీరు నడుస్తారు, అది మీ వెంట వస్తుంది. రెండు మూడు వందలుంటే హాయిగా సాగుతుంది. ఎగువన వాన పడిందని, నీటిరంగు మారిందని, కొలత గీత నిట్టనిలువుగా లేస్తోందని కనిపిస్తే ఆ రోజు ఇంట్లోనే ఉండండి. 2018 అక్టోబరు వరదలో ఇదే లానో కింగ్స్‌లాండ్ దగ్గర రోడ్డు వంతెనను కూల్చి తీసుకుపోయింది. 2025 జులై 4 తెల్లవారుజామున పక్క లోయలోని గ్వాడలూప్ పొంగి, వందమందికి పైగా ప్రాణాలు తీసింది. అటువంటి వరద తరువాత నది మారిపోతుంది, కొత్తగా పడిన చెట్లు ఎక్కడున్నాయో పాత పటాల్లో ఉండదు. కనుక నిరుడు వెళ్ళిన దారే కదా అన్న ధీమా కూడదు.

చట్టం విషయం రెండు ముక్కల్లో. టెక్సస్‌లో సగటున ముప్ఫై అడుగులో అంతకన్నా ఎక్కువో వెడల్పున్న నది గర్భంలో జనానికి తిరిగే హక్కుంది, ఒడ్డు మాత్రం ఎక్కువచోట్ల ప్రైవేటు భూమి. వంతెనల వంటి బహిరంగ దారుల దగ్గరే దిగండి, ఎక్కండి. చెట్ల మొదళ్ళకు ఊదారంగు గీత కనిపిస్తే అది రంగుల సరదా కాదు, లోపలికి రావద్దన్న చట్టబద్ధమైన హెచ్చరిక.

మీ శ్రీమతి మాటను పూర్తిగా తోసిపుచ్చలేను. మొదటి కొన్ని ప్రయాణాలు ఈ నది తెలిసిన మరొకరితో చేయండి, రెండు పడవల్లో. తరువాత ఒంటరిగా వెళ్ళినా, ఎక్కడ దిగుతారో, ఎక్కడ తేలతారో, ఏ గంట దాటితే ఎవరికి ఫోన్ చేయాలో కాగితం మీద రాసి ఆమెకు ఇచ్చి వెళ్ళండి, ఎందుకంటే మేసన్, లానో మధ్య చాలాచోట్ల మీ ఫోన్‌కు సిగ్నల్ అందదు. ఉపగ్రహం ద్వారా ఆపద సంకేతం పంపే చిన్న పరికరం కొనగలిగితే, పడవకన్నా ముందు అది కొనండి. అబ్బాయి సంగతి వేరు. ఒక్కరి కోసం చేసిన పడవలో ముందు అరవై డెబ్భై పౌండ్లు చేరితే ముక్కు నీళ్ళలోకి దిగి, అది తిరగదు. రాయి తగిలితే ముందు దెబ్బతినేది వాడి కాళ్ళు. వాణ్ణి తీసుకువెళ్ళాలనుంటే ఆస్టిన్‌లోని లేడీ బర్డ్ లేక్‌లో, ఇద్దరు కూర్చునే అద్దె పడవలో, లైఫ్ జాకెట్ వేసి తీసుకువెళ్ళండి. పదమూడేళ్ళలోపు పిల్లలకు పడవలో అది వేసి ఉంచడం టెక్సస్ చట్టం కూడా.

కొత్తదే కొనాలన్న పట్టుదల మీకు లేకపోతే, వేసవి చివర్లో పాత పడవలు అమ్మకానికి చాలా వస్తాయి, ఆరేడు వందల పడవ మూడు నాలుగు వందలకు దొరుకుతుంది. చూడడానికి వెళ్ళినప్పుడు పై రంగు చూసి మురిసిపోకుండా, దాన్ని బోర్లించమనండి. వెనుక కొన అడుగున బొటనవేలితో నొక్కి చూడండి. మిగతా చోట్ల కన్నా మెత్తగా లోపలికి పోతే అక్కడ ప్లాస్టిక్ అరిగిపోయింది. రంధ్రాల గొట్టాల అంచుల చుట్టూ గోరుతో తడమండి, గోరు పట్టుకుంటే అది బీట. కారు పైన ఎండలో పట్టీలు బిగించి ఉంచడం వల్ల అడుగున పడిన సొట్టలు భయపెట్టేవి కావు, ఎండలో పెట్టి లోపలినుంచి నెడితే చాలావరకు లేస్తాయి. రంగు వెలిసి, గీస్తే తెల్లటి పొడి రాలుతుంటే మాత్రం ఏళ్ళ తరబడి ఎండలో పడి ప్లాస్టిక్ పెళుసెక్కిందని అర్థం, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. అన్నీ బాగుంటే లోపల ఓ బిందెడు నీళ్ళు పోయించి, మూతలు బిగించి, పడవను అటూ ఇటూ ఒంచి అడుగంతా చేత్తో తడిమి చూడండి. నీళ్ళు పోయడానికి ఒప్పుకోని అమ్మకందారుతో బేరం పెట్టుకోకండి.